మెటల్ ఆల్బమ్‌ను సరౌండ్‌లో వినాలంటే: బెంగళూరు అద్దె గదుల్లో ఏది నప్పుతుంది

హోమ్ థియేటర్ కొనేవాళ్లలో ఎక్కువమంది సినిమాల కోసమే కొంటారు, షోరూమ్‌లోనూ సినిమానే వేసి చూపిస్తారు. హెలికాప్టర్ నెత్తిమీదుగా పోతుంది, వాన వెనక నుంచి కురుస్తుంది, ఏదో పేలితే సోఫా అదురుతుంది. అక్కడితో కార్డు గీకేస్తాం. అదే సెట్‌లో ఇంటికొచ్చి ఒక మెటల్ ఆల్బమ్ పెడితే డ్రమ్స్ ముద్దగా, గిటార్లు సన్నగా వినిపిస్తాయి. గొంతేమో టీవీ కింద డబ్బాలోంచి వస్తుంది. సెట్ చెడ్డదని కాదు. సినిమా లెక్కలో కొన్నది మెటల్‌కు సరిపోలేదు, అంతే.

సినిమాలో వెనక స్పీకర్లకు పని అప్పుడప్పుడే ఉంటుంది: గాలి, జనం గోల, దూసుకుపోయే బండి. అందుకే చాలా ప్యాకేజీ సెట్లలో అవి అరచేయంతే ఉంటాయి. మెటల్‌ను 5.1లో, అంటే ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, బాస్‌కు ఒక సబ్‌వూఫర్ లెక్కన, మిక్స్ చేసేవాళ్లు వెనకవైపును అంత ఖాళీగా వదలరు. ఈ సంగీతంలో ఒకే రిఫ్‌ను (తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరసను) రెండుసార్లు, నాలుగుసార్లు విడివిడిగా వాయించి రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. స్టీరియోలో అవన్నీ కుడి ఎడమ చివర్లలో ఇరుక్కుని ఉంటాయి. నాలుగు మూలలు దొరికితే కొన్ని గిటార్లు, కీబోర్డులు, కోరస్ గొంతులు వెనక్కి వెళ్తాయి, వెళ్లి పాట పొడవునా అక్కడే ఉంటాయి. ముందు పెద్ద టవర్ స్పీకర్లు, వెనక బుల్లి డబ్బాలు పెడితే కాడికి ఒకవైపు ఎద్దును, ఇంకోవైపు దూడను కట్టినట్టే. బడ్జెట్ ఎంతైనా నేను చెప్పేది ఒకటే: నాలుగు మూలలా ఒకే రకం స్పీకర్ పెట్టగలిగితేనే సరౌండ్ వైపు వెళ్లండి. కుదరకపోతే మంచి స్టీరియో, లేదా హెడ్‌ఫోన్స్. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీ ఆల్బమ్‌లకు సరౌండ్ మిక్స్ ఉందా?

స్పీకర్ల ధరలు వెతకడానికి ముందు, మీకు ప్రాణమైన పది ఆల్బమ్‌లు రాసుకోండి. వాటిలో ఎన్నింటికి అసలైన సరౌండ్ మిక్స్ ఉందో చూడండి. మెటల్‌లో ఈ జాబితా చిన్నది. మీ పదిలో ఒక్కటీ లేకపోతే లక్ష రూపాయలు మిగిలినట్టే.

ఉన్నవాటిలో పాతది బ్లాక్ సబ్బాత్ ‘పారనాయిడ్’. ఆల్బమ్ వచ్చింది 1970లో. ఆ దశకంలోనే దానికి నాలుగు చానెళ్ల క్వాడ్ మిక్స్ చేశారు. 2009 డీలక్స్ ఎడిషన్‌లోని డీవీడీలో అది మళ్లీ బయటికొచ్చింది. మెటాలికా 1991లో తెచ్చిన, అందరూ బ్లాక్ ఆల్బమ్ అని పిలిచే రికార్డు 2001లో డీవీడీ-ఆడియోగా 5.1లో వచ్చింది. ఓపెత్ అభిమానులు అదృష్టవంతులు: ‘ఘోస్ట్ రెవరీస్’, ‘వాటర్‌షెడ్’, ‘హెరిటేజ్’, ‘పేల్ కమ్యూనియన్’ నాలుగింటికీ స్పెషల్ ఎడిషన్లలో 5.1 దొరుకుతుంది. డ్రీమ్ థియేటర్ ‘డిస్టెన్స్ ఓవర్ టైమ్’, డెవిన్ టౌన్సెండ్ ‘ఎంపాత్’ బ్లూరేలో ఉన్నాయి. పోర్క్యుపైన్ ట్రీ ‘ఇన్ అబ్సెన్షియా’ అచ్చమైన మెటల్ కాదని గొడవపడేవాళ్లు పడొచ్చు. అయినా గట్టి రిఫ్‌లను చుట్టూ పరచడం ఎలాగో తెలియాలంటే 2004లో వచ్చిన దాని డీవీడీ-ఆడియో వినాలి.

వీటిలో ఒక జంట పరీక్షకు బాగా పనికొస్తుంది. ఓపెత్ ఒకే దఫా రికార్డింగ్‌లో రెండు ఆల్బమ్‌లు చేసింది: 2002లో ‘డెలివరెన్స్’, 2003లో ‘డామ్నేషన్’. మొదటిది గ్రోల్ (గర్జించినట్టు పాడే గొంతు), డబుల్ కిక్ (రెండు కాళ్లతో వేగంగా కొట్టే కిక్ డ్రమ్), పొడవాటి పాటలు. రెండోదాంట్లో గ్రోల్ ఒక్కటి కూడా లేదు, అంతా మెత్తగా, మెలోట్రాన్ అనే పాత కీబోర్డుతో సాగుతుంది. 2015లో రెండింటినీ కొత్తగా మిక్స్ చేసి 5.1తో కలిపి విడుదల చేశారు. ‘డామ్నేషన్’ మిక్స్ స్టీవెన్ విల్సన్‌ది, ‘డెలివరెన్స్’ మిక్స్ బ్రూస్ సోర్డ్‌ది. ‘డామ్నేషన్’ ఏ సెట్‌లో పెట్టినా అందంగానే ఉంటుంది, పరిచిన వాద్యాల మధ్య ఖాళీ ఉంది కాబట్టి. సెట్ బండారం బయటపెట్టేది ‘డెలివరెన్స్’. డెమోకు వెళ్తే దాన్నే పట్టుకెళ్లండి.

డిస్కులు ఇక్కడి దుకాణాల్లో దొరకవు, తెప్పించుకోవాలి. కొన్ని అచ్చు ఆగిపోయాయి, పాతవాటికి విదేశీ సెకండ్‌హ్యాండ్ ధర, పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే గుండె గుభేల్‌మంటుంది. బ్లూరే అయితే ఆడించడం తేలిక. ఇంట్లో డిస్క్ పెట్టే పీఎస్5 ఉంటే ప్లేయర్ ఉన్నట్టే. డీవీడీ-ఆడియోకు మాత్రం ఆ ఫార్మాట్ చదివే ప్లేయర్ కావాలి. మామూలు డీవీడీ ప్లేయర్లో పెడితే దాని హై-రెజల్యూషన్ ట్రాక్ పలకదు, అదే డిస్కులో సాధారణంగా విడిగా ఇచ్చే డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ ట్రాక్ మాత్రం వస్తుంది. ఆ డీటీఎస్ కూడా తీసిపారేసేది కాదు. ముందు దాంతో విని, నచ్చితే పెద్ద ప్లేయర్ సంగతి చూసుకోవచ్చు.

డిస్కుల గొడవ వద్దనుకుంటే స్ట్రీమింగ్. ఆపిల్ మ్యూజిక్‌లో 2021 జూన్ నుంచి డాల్బీ అట్మాస్ (చుట్టూతోపాటు పైనుంచీ శబ్దం వినిపించే పద్ధతి) ఉంది, ఆల్బమ్ పేరు దగ్గరే ఆ గుర్తు కనిపిస్తుంది. బ్లూరేలోలా లాస్‌లెస్ కాదు, 768 కేబీపీఎస్‌కు కుదించిన ధార. ఆ తేడా కన్నా మిక్స్ ఎవరు ఎంత శ్రద్ధగా చేశారన్నదే పెద్ద తేడా. పాత ఆల్బమ్‌లకు హడావిడిగా చేసిన అట్మాస్ మిక్స్‌లు కొన్ని ఉన్నాయి. గిటార్లకు కాస్త ప్రతిధ్వని కలిపి పైకి, వెనక్కి చల్లితే రిఫ్‌లో కండ పోతుంది. అలాంటిది తగిలితే మొహమాటం లేకుండా స్టీరియోకు మారిపోండి.

పోల్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. అట్మాస్ మిక్స్ సగటు బిగ్గర మైనస్ 18 ఎల్‌కేఎఫ్‌ఎస్ (బిగ్గరను కొలిచే కొలమానం) దాటకూడదని డాల్బీ నియమం. ఇరవయ్యేళ్లుగా వస్తున్న మెటల్ సీడీలు చాలావరకు దీనికంటే 8, 10 డెసిబెల్స్ బిగ్గరగా ఉంటాయి. ఒకదాని వెంట ఒకటి పెడితే సీడీ గర్జించినట్టు, అట్మాస్ నీరసపడ్డట్టు అనిపిస్తుంది. వాల్యూమ్ సమానం చేసి వింటే తరచూ తీర్పు తిరగబడుతుంది: నలిపేసిన సీడీలో వినపడని స్నేర్ డ్రమ్ దెబ్బ ఇక్కడ లేచి నిలబడుతుంది. నా మట్టుకు నాకు వెనక నుంచి గిటార్ రావడం కన్నా ఈ ఊపిరి దొరకడమే సరౌండ్ మిక్స్‌ల అసలు లాభం.

అసలు మిక్సే లేని ఆల్బమ్‌ను డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్ లాంటి మోడ్‌లతో సాగదీయడం సంగతి రెండు ముక్కల్లో: ప్రోగ్రెసివ్, డూమ్ రకాలకు అప్పుడప్పుడు బాగుంటుంది, త్రాష్‌కు, డెత్ మెటల్‌కు వద్దు. సింబల్స్ ముందుకూ వెనక్కూ గెంతుతుంటాయి. ఆల్ చానెల్ స్టీరియో మోడ్ అయితే మెటల్‌కు అసలు పెట్టకండి.

పీజీలోనో షేరింగ్ రూమ్‌లోనో ఉంటే

మారతహళ్లిలో, బీటీఎంలో పీజీ గదిలో ఇంకో ఇద్దరితో ఉంటున్నవాళ్లకు ఎంపిక ఒక్కటే, హెడ్‌ఫోన్స్. ఇందులో సరౌండ్ అంటే లెక్కకట్టి పుట్టించే భ్రమ. తల ఆకారం వల్ల రెండు చెవులకూ వచ్చే సమయంలో, స్వరంలో ఉండే తేడాలను సాఫ్ట్‌వేర్ రెండు చానెళ్లలోకి వేస్తుంది. ఆ తల సగటు తల, మీది కాదు. అందుకే ఒకరికి వెనక నుంచి వచ్చినట్టున్న గిటార్ ఇంకొకరికి నెత్తిలోనే ఉంటుంది. పైగా డిస్టార్షన్ గిటార్ శబ్దం విస్తారమైన పౌనఃపున్యాల మీద పరుచుకుని ఉంటుంది. ఈ లెక్క దాని రంగును మార్చేస్తే వెంటనే తెలిసిపోతుంది. మెత్తటి పాటలో దాగే లోపం ఇక్కడ దాగదు.

కాబట్టి పీజీలో ఉన్నవాళ్లకు నా సలహా: డబ్బంతా మంచి స్టీరియో హెడ్‌ఫోన్ మీద పెట్టండి. అట్మాస్‌ను ఫోన్ సెట్టింగ్‌లో ఆన్, ఆఫ్ చేస్తూ పాట పాటకూ మీరే నిర్ణయించుకోండి. తల తిప్పితే శబ్దం కదలకుండా నిలిచే హెడ్ ట్రాకింగ్ సినిమాకు సరదాగా ఉంటుంది. తలాడిస్తూ వినే సంగీతానికి మాత్రం ఆపేయండి, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. వర్చువల్ 7.1 అని అట్ట మీద రాసి అమ్మే గేమింగ్ హెడ్‌సెట్ల జోలికి వెళ్లకండి.

సౌండ్‌బార్ ఎందుకు వద్దంటున్నాను

అట్మాస్ సౌండ్‌బార్లు గోడలకు, సీలింగ్‌కు శబ్దం కొట్టించి చుట్టూ ఉన్నట్టు చూపిస్తాయి. ఆ కిటుకు పై స్వరాలకే బాగా పనిచేస్తుంది. గిటార్ బరువంతా ఉండే కింది, మధ్య స్వరాలు టార్చి వెలుగులా ఒక దిక్కుకు పోవు, గదంతా పరుచుకుంటాయి. బెంగళూరు ఫ్లాట్ల హాల్ చూడండి: ఒకవైపు గోడ, ఇంకోవైపు బాల్కనీ తలుపో తెరిచిన వంటగదో, పైన తిరిగే ఫ్యాన్. ఎడమ నుంచి వచ్చినంత కుడి నుంచి రాదు. విడిగా వెనక స్పీకర్లు ఇచ్చే మోడళ్లు కొంత నయం, కానీ వాటి సైజు మళ్లీ అరచేయంతే. టీవీ, ఓటీటీ సినిమాలు ప్రధానం, మెటల్ ఆదివారం పూట అరగంట అనుకుంటే తీసుకోండి. ఆల్బమ్ కోసమే కొనేవాళ్లకు అదే డబ్బుకు రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్ ఎక్కువ ఆనందం ఇస్తాయి.

ఏవీఆర్, నాలుగైదు స్పీకర్లు: అసలు దారి

వైట్‌ఫీల్డ్, బెల్లందూరు, కేఆర్ పురం వైపు రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఉండి, ఒక గది మీ చేతిలో ఉంటే ఇదే సరైన దారి. లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: ఏవీఆర్ (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) 35,000 నుంచి 50,000, బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత 15,000 నుంచి 25,000, అలాంటివి రెండు జతలు, సబ్‌వూఫర్‌కు మరో 20,000 దాకా. లక్ష దాటొచ్చు. తగ్గించుకోవాలంటే సెకండ్‌హ్యాండ్ చూడండి. ఆన్‌సైట్‌కో సొంతూరికో వెళ్తూ సామాను అమ్మేసేవాళ్లు ఈ నగరంలో ఎప్పుడూ ఉంటారు, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వారానికొకటి కనిపిస్తుంది. పాత ఏవీఆర్ కొనేటప్పుడు ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టూ, ప్రతి చానెలూ పలికించి చూడండి. గదికి తగ్గట్టు శబ్దం సరిచేయడానికి దానితో వచ్చిన కాలిబ్రేషన్ మైక్ ఉందా అని తప్పక అడగండి. ఎక్కువగా పోగొట్టేది అదే.

స్పీకర్ల లెక్కలో నాది కొంచెం మొండి అభిప్రాయం. సీలింగ్ స్పీకర్లు వదిలేయండి. అద్దె ఇంట్లో సీలింగ్‌కు రంధ్రం పెడితే ఓనర్ అడ్వాన్స్‌లో కోస్తాడు. పైగా ఈ సంగీతంలో పైనుంచి రావాల్సినది చాలా తక్కువ. 5.1.2 (5.1కు తోడు పైన రెండు) కోసం పెట్టే డబ్బుతో వెనక జతను ముందు జతకు సమానం చేయండి. ఒంటరిగా వినేవాళ్లయితే సెంటర్ స్పీకర్ కూడా మొదట్లో అక్కర్లేదు. ఏవీఆర్ మెనూలో సెంటర్ లేదని చెబితే ఆ శబ్దాన్ని ముందు రెండింటికీ సమంగా పంచుతుంది, మధ్యలో కూర్చున్న మనిషికి గొంతు నడిమధ్యనే వినిపిస్తుంది. టీవీ కింద అడ్డంగా పడుకోబెట్టే చవక సెంటర్ స్పీకర్‌లో గ్రోల్ స్వరమే మారిపోతుంది, దానికన్నా లేకపోవడం మేలు. క్వాడ్‌లో వచ్చిన ‘పారనాయిడ్’కు ఎలాగూ సెంటరే లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వినే ఇల్లయితే మాత్రం సెంటర్ కొనండి, ముందు స్పీకర్ల కంపెనీ, అదే సిరీస్.

అమరిక: ముందు రెండూ మీ తల నుంచి 30 డిగ్రీల చొప్పున, వెనకవి సుమారు 110 డిగ్రీల దగ్గర, అంటే పక్కకన్నా కొంచెం వెనక్కి. అన్నీ చెవి ఎత్తులో ఉండాలి. సినిమా హాల్లో చూసిన అలవాటుతో వెనకవాటిని సీలింగ్ కింద వేలాడదీయకండి. గోడకు మేకు కొట్టనివ్వకపోతే స్టాండ్లు చాలు. స్పీకర్ వైరు, బనానా ప్లగ్‌లు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ బజారులో మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు. 14 లేదా 16 గేజ్ రాగి వైరు అడగండి, రాగి పూత పూసిన అల్యూమినియం అంటగట్టకుండా చూసుకోండి. మీటరుకు వేలు పలికే ఖరీదైన కేబుల్ గురించి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే పక్క కొట్టుకు వెళ్లండి.

కాలిబ్రేషన్ అయ్యాక ఏవీఆర్ పెట్టిన విలువలను ఒకసారి చూడండి. స్పీకర్లన్నీ స్మాల్, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఉంటే బాగు, అంటే అంతకన్నా కింది స్వరాలు సబ్‌వూఫర్‌కు వెళ్తాయి. డెనాన్, మరాంట్జ్ ఏవీఆర్‌లలో ఉండే ఆడిస్సీ డైనమిక్ ఈక్యూ తక్కువ వాల్యూమ్‌లో వెనక స్పీకర్లను కావాలని పెంచుతుంది. సినిమా డైలాగుల నడుమ వాతావరణం వినపడటానికి పెట్టిన ఏర్పాటు అది. వెనక రిథమ్ గిటారే ఉన్న మిక్స్‌లో పాట తల కిందులవుతుంది, ఆపేయండి. నైట్ మోడ్, సినిమా ఈక్యూ కూడా అంతే.

సబ్‌వూఫర్, గోడలు, పక్కింటివాళ్లు

మెటల్‌లో బాస్ అంటే ఎక్కువ కాదు, వేగం. నిమిషానికి 200 బీట్ల పాటలో డబుల్ కిక్ పదహారో వంతు నోట్లలో కొడితే సెకనుకు 13 దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ మధ్య 75 మిల్లీసెకన్లు. మన బెడ్‌రూమ్ 10 అడుగులు, 12 అడుగులు అనుకుందాం. 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచి మోగుతుంది. సీలింగ్ కూడా 10 అడుగులే అయితే 56 మీద రెండో దెబ్బ. కిక్ డ్రమ్ బరువు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. ఒక దెబ్బ మోత తగ్గకముందే మరో మూడు వచ్చి పడితే వినిపించేది డ్రమ్ కాదు, జెనరేటర్. పెద్ద సబ్‌వూఫర్ కొంటే ఇది ఇంకా పెరుగుతుంది.

అందుకే చిన్నదైనా మూసిన పెట్టె రకం సబ్‌వూఫర్ ఎంచుకోండి, మూలలో పెట్టకండి. చోటు కనిపెట్టడానికి పాత ఉపాయం ఉంది: సబ్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, డబుల్ కిక్ ఉన్న పాట తిప్పుతూ ఉంచి, మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. దెబ్బలు విడివిడిగా వినిపించిన చోటే దాని స్థానం. ఇంట్లోవాళ్లు చూసి నవ్వితే నవ్వనివ్వండి. మంచం గోడకు ఆనించి, దాని మీద ఆనుకుని వినడం అలవాటైతే మానుకోవాలి, గోడ పక్కనే బాస్ అన్నిటికన్నా ఉబ్బుతుంది. కనీసం రెండడుగులు ముందుకు జరగండి. నున్నటి టైల్స్ నేల మీద జంపఖానా, కిటికీకి మందపాటి కర్టెన్, ఒక గోడకు బట్టలు నిండిన బీరువా కాకుండా పుస్తకాల అర, ఇంత చేస్తే పై స్వరాల గోల తగ్గుతుంది. బాస్‌కు మాత్రం వీటి వల్ల పెద్దగా తేడా పడదు.

పక్కింటి సంగతి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. గిటార్లు తలుపు మూస్తే చాలావరకు ఆగుతాయి. కిక్ డ్రమ్ శ్లాబ్‌లోంచి కింది ఇంటికి దిగుతుంది. సబ్ కింద మందపాటి రబ్బర్ ప్యాడ్ వేయండి, తొమ్మిదిన్నరకే ఆపేయండి. సెక్యూరిటీ గార్డు వచ్చి బెల్ కొట్టే ఇల్లయితే సబ్ లేకుండా నాలుగు బుక్‌షెల్ఫ్‌లతోనే వినొచ్చు. స్టాండర్డ్ ట్యూనింగ్‌లో గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్, తీగలను వదులు చేసే డ్రాప్ సీలో 65. ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ అంతవరకు దిగగలదు. పోయేది బాస్ గిటార్ అడుగు, కిక్ అదురు. కొంచెం లోటే, భరించలేనంత కాదు.

తీగల దగ్గర ఇరుక్కునే చోటు

దీన్ని త్వరగా చెప్పేస్తాను, కానీ దాటేయకండి. ఆపిల్ టీవీ 4కే పెట్టె అట్మాస్‌ను పీసీఎం (కుదించని) రూపంలో పంపుతుంది. దాన్ని టీవీకి గుచ్చి, టీవీ నుంచి ఏవీఆర్‌కు పంపాలంటే టీవీలోనూ ఏవీఆర్‌లోనూ ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐలో వెనక్కి పంపే కొత్త పద్ధతి) ఉండాలి, పాత ఆర్క్ సాధారణంగా చాలదు. పెట్టెను నేరుగా ఏవీఆర్‌కు గుచ్చితే ఈ తలనొప్పి ఉండదు. ఆప్టికల్ కేబుల్‌లో డాల్బీ డిజిటల్, డీటీఎస్ వరకే వెళ్తాయి. బ్లూరేలోని లాస్‌లెస్ 5.1 దానిలో పోదు.

టేబుల్ మీద నాలుగు మానిటర్లు

ఏవీఆర్ వద్దనుకునే టెక్కీలకు ఇంకో దారి ఉంది: కనీసం నాలుగు, వీలైతే ఆరు లైన్ అవుట్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, దానికి 5 అంగుళాల యాక్టివ్ మానిటర్లు నాలుగు. ఆంప్లిఫయర్లు స్పీకర్లలోనే ఉంటాయి, నాలుగూ ఒకే మోడల్, మీరు నాలుగడుగుల దూరంలో కూర్చుంటారు. దగ్గరగా వినడం వల్ల గది పెత్తనం తగ్గుతుంది, తక్కువ వాల్యూమ్‌లోనే రిఫ్ పదును తెలుస్తుంది. చిన్న గదిలో మెటల్‌కు శబ్దపరంగా దీన్ని మించింది ఈ బడ్జెట్‌లో లేదనే నా నమ్మకం.

అయితే ఓపిక కావాలి. డిస్క్‌లోంచి తీసిన 5.1 ఫ్లాక్ ఫైళ్లను ఫూబార్2000 లాంటి ప్లేయర్లో ఏ చానెల్ ఎటు వెళ్లాలో మీరే కూర్చాలి. ఏవీఆర్ చేసే బాస్ పంపకం ఇక్కడ ఎవరూ చేయరు, సెంటర్‌నూ, ఎల్‌ఎఫ్‌ఈ అనే సబ్‌వూఫర్ చానెల్‌నూ ముందు రెండింటిలో కలపడం మీ పనే. విండోస్ ల్యాప్‌టాప్‌తో అట్మాస్ స్ట్రీమింగ్‌ను ఇలా నాలుగు మూలలకు పంపడం తేలిక కాదు, కాబట్టి ఇది డిస్కులున్నవాళ్ల దారి. పాత బిల్డింగుల్లో ఎర్తింగ్ సరిగ్గా లేక హమ్ వస్తుంది. నాలుగింటినీ ఇంటర్‌ఫేస్‌తో పాటు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, బ్యాలెన్స్డ్ కేబుళ్లు వాడండి. పక్కన ఉద్యోగం మీటింగులు కూడా అదే టేబుల్ మీద నడుస్తాయి కాబట్టి ఖర్చు ఇంట్లో సమర్థించుకోవడం సులువు.

స్టీరియోతోనే ఆగిపోతే

ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్‌నూ, 2011లో మెటాలికానూ చూడటానికి అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ నుంచి బస్సులెక్కి వచ్చినవాళ్లు విన్నది సరౌండ్ కాదు. శబ్దమంతా వేదిక వైపు నుంచే, చుట్టూ ఉన్నది జనం. ఆ అనుభూతే కావాలంటే, లేదా మీ పది ఆల్బమ్‌లు ఎనభైల త్రాష్, ఎన్‌డబ్ల్యూఓబీహెచ్‌ఎం (న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్) రకమైతే, రెండు మంచి స్పీకర్లను మించింది లేదు. ఎడమ గిటార్, కుడి గిటార్ ఎదురెదురు నిలిచి కొట్టుకునేలా రాసిన సంగీతం అది. కచేరీ బ్లూరేల 5.1 కూడా చాలావరకు ఇలాగే: ముందు బ్యాండ్, వెనక చప్పట్లు. దానికోసం మాత్రమే నాలుగు సమాన స్పీకర్లు అవసరం లేదు. వాద్యాలను నిజంగా చుట్టూ కూర్చోబెట్టేది స్టూడియో ఆల్బమ్‌ల మిక్స్‌లే, అందులోనూ ప్రోగ్రెసివ్ వైపు మొగ్గినవి.

తేల్చుకోలేకపోతే ఏవీఆర్ కొని, రెండు స్పీకర్లతో మొదలుపెట్టండి. అవి రెండేళ్ల తర్వాత కూడా అదే మోడల్ దొరికే రకం కావాలి, ఎందుకంటే వెనకకు కొనాల్సింది వాటి జంటనే. రంగురంగుల కొత్త మోడల్ కన్నా ఏళ్లుగా మార్కెట్‌లో ఉన్న నల్ల డబ్బా ఇక్కడ మేలు.

డెమోకు వెళ్లేటప్పుడు వారం మధ్యలో, పొద్దున పూట వెళ్లండి. శని, ఆదివారాల్లో షోరూమ్ రద్దీ. మీ డిస్కునో, పెన్‌డ్రైవ్‌లో ఫైలునో పట్టుకెళ్లి, మొదట వెనక రెండు స్పీకర్లను మాత్రమే పలికించమని అడగండి. సేల్స్‌మన్ వింతగా చూస్తాడు. ముందువాటి తీగలు పీకేసి ఆ రెండింటితోనే ఒక పాట పూర్తిగా వినండి. గిటార్ గిటార్‌లాగే ఉంటే ధర మాట్లాడండి. పేపర్ చింపినట్టుంటే అట్ట మీద ఎన్ని వాట్లు రాసి ఉన్నా ఆ సెట్ వదిలేయండి. తర్వాత ముందువి కలిపి, వాల్యూమ్ మీరు ఇంట్లో వినేంతకు తగ్గించి, డబుల్ కిక్ ఉన్న చోటు మళ్లీ పెట్టించుకోండి. షోరూమ్ వాల్యూమ్‌లో ఏదైనా బాగానే ఉంటుంది.